పటంలో గ్రానైట్, తవ్వితే బంకమట్టి: సమాధానం

జాతీయ భూవిజ్ఞాన సర్వే సంస్థ ప్రచురించిన 1:50,000 పటంలో మీ స్థలం గ్రానైట్ ప్రాంతంగా కనిపిస్తుండగా, పునాదికి తవ్వితే బంకమట్టి మాత్రమే వచ్చిందనీ, పటమే తప్పేమోననీ అడిగారు. ముందుగా ఆ పటం దేన్ని చూపుతుందో సూచికలో గమనించండి. చాలా దేశాల సర్వే సంస్థలు ఆధారశిల (మట్టి కింద ఉండే గట్టి రాయి) పటాన్నీ, దానిపై పేరుకున్న ఒండ్రు, బంకమట్టి వంటి పైపొరల పటాన్నీ వేర్వేరుగా ఇస్తాయి. మీరు చూసింది మొదటిదే అయితే గ్రానైట్ అక్కడే, ఇంకా లోతున ఉండవచ్చు. పైగా గ్రానైట్‌లోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం శిథిలమైతే మిగిలేది బంకమట్టే కనుక, తవ్విన మట్టిని తడిపి వేళ్ల మధ్య నలిపి చూడండి: కోసుగా ఉన్న క్వార్ట్జ్ అనే గట్టి ఖనిజపు రేణువులు గరగరమని తగిలితే, అది ఆ రాయి నుంచే పుట్టి ఉండే అవకాశం ఎక్కువ.

ఇక స్కేలు సంగతి. ఆ పటంలో ఒక మిల్లీమీటరు నేలమీద 50 మీటర్లు. అంటే రెండు రాతి రకాల మధ్య సరిహద్దు గీత మందమే ఒక ఇంటి స్థలాన్ని మింగేయగలదు. సర్వే బృందాలు బయటపడిన రాతిని చూసి, రాయి కనిపించని చోట అంచనాతో గీత కలుపుతాయి. అలాంటి భాగాలను సాధారణంగా తెగిన గీతలతో చూపుతాయి. ఏదేమైనా పునాది నిర్ణయానికి ఈ పటం చాలదు. సమీపంలోని బోరు రంధ్రాల నమోదులు సంస్థ వద్ద ఉంటే అడిగి తీసుకుని, ఆపైన మట్టి పరీక్ష చేయించండి.