బెన్‌ను ఉంచాలా, పంపాలా: పిట్స్‌బర్గ్‌లో ఉన్న మా అల్లుడికి

విజయవాడ,
6 అక్టోబర్ 2021

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మన స్టీలర్స్, అదే పిట్స్‌బర్గ్ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్, గ్రీన్ బేలో ఓడిపోయాక మీ స్నేహితుల మధ్య మాట ఎంతదాకా పోయిందో అర్థమైంది. సగంమంది మన క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని పాస్‌లు విసిరి ఆట నడిపేవాడు) బెన్ రాత్లిస్‌బర్గర్‌ను ఈ వారమే పక్కన కూర్చోబెట్టాలంటున్నారు. రెండు సూపర్ బౌల్‌లు, అంటే లీగ్ ఛాంపియన్‌షిప్‌లు, తెచ్చినవాణ్ణి అలా ఎలా అంటారని మిగతా సగం మండిపడుతున్నారు. పెన్ హిల్స్ గుడి క్యాంటీన్‌లో పక్కపక్కన కూర్చుని పులిహోర తినే పిల్లలు ఒకరి ఫోన్ ఒకరు ఎత్తడం లేదంటే నాకు బాధేసింది. మన పాత క్వార్టర్‌బ్యాక్ బ్రాడ్‌షా చివరి రోజుల నుంచీ చూసినవాడివి, నువ్వే చెప్పు మామయ్యా అన్నావు. చెబుతాను.

ముందు నా మాట ఇదీ. ఈ సీజన్ పూర్తయ్యేదాకా బెన్నే ఆడాలి. ఈ సీజన్‌తో ఆపాలి. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డమొచ్చే మాటలు కావు. వచ్చే ఆదివారం ఎవరు ఆడాలన్నది ఒక నిర్ణయం. వచ్చే పదేళ్లు ఎవరు ఆడాలన్నది ఇంకో నిర్ణయం. మీరు రెండింటినీ కలిపేసి ఒకే ప్రశ్న చేసుకున్నారు, అందుకే ఎవరూ ఎవరికీ జవాబు చెప్పలేకపోతున్నారు. ఈసారి కూర్చున్నప్పుడు మొదట ఆ రెండింటినీ విడదీయి.

ఆదివారం సంగతి చిన్నది. బెన్ పదేళ్ల కిందటిలా ఉన్నాడా అని ఎవరైనా మొదలుపెడితే ఆపి, బెంచీ మీద ఉన్నవాళ్లు అతని కంటే మేలా అని అడుగు. ఉన్నది మేసన్ రూడాల్ఫ్, డ్వేన్ హాస్కిన్స్. 2019లో రెండో ఆటకే బెన్ మోచేయి పోయి ఆపరేషన్ అయినప్పుడు రూడాల్ఫ్, డెవ్లిన్ హాడ్జెస్ కలిసి సీజన్ లాక్కొచ్చారు. డిఫెన్స్ అంత గట్టిగా నిలబడినా 8 గెలుపులు, 8 ఓటముల దగ్గర ఆగాం. ఆ ఏడు మన అఫెన్స్ బంతిని ముందుకు జరపడానికి పడ్డ అవస్థ నీకూ గుర్తుండాలి, అప్పటికే నువ్వు అక్కడ ఉన్నావు. అప్పుడు చాలనివాడు ఇప్పుడు ఎలా చాలతాడో చెప్పగలిగితేనే మార్చమనాలి. మార్చి చూద్దాం, పోయేదేముంది అంటే కుదరదు. ఆ లాకర్ రూమ్‌లో డిఫెన్స్‌వాళ్లూ ఉన్నారు, వాళ్ల ఏడాది పోతుంది.

ఇక ఆట చూసే పద్ధతి. మొన్నటి ఆట ఇక్కడ సోమవారం తెల్లవారుజామున రెండింటికి మొదలైంది, మొత్తం చూశాను. మొదటి డ్రైవ్‌లోనే, అంటే బంతి మన చేతికొచ్చిన మొదటి దఫాలోనే, బెన్ డియాంటే జాన్సన్‌కు 45 గజాల టచ్‌డౌన్ (బంతిని మైదానం చివరి ఎండ్ జోన్‌లోకి చేర్చడం) పాస్ వేశాడు. అది అతని 400వ టచ్‌డౌన్ పాస్. హాఫ్ టైమ్ ముందు వాళ్లు ఫీల్డ్ గోల్ కోసం తన్నిన బంతిని అడ్డుకుని మింకా ఫిట్జ్‌పాట్రిక్ ఎండ్ జోన్‌దాకా పరిగెత్తితే, ఆఫ్‌సైడ్ అని కొట్టేశారు. 27-17 అన్న అంకెలో ఇవేవీ కనబడవు. కాబట్టి స్కోరు చూసి బెన్‌ను తిట్టడం, ఆ ఒక్క టచ్‌డౌన్ చూసి వెనకేసుకు రావడం రెండూ మానండి. ఆట మళ్లీ పెట్టుకుని, బంతి ఉన్నవాణ్ణి వదిలేసి, అతని ముందు నిలబడి కాపాడే అయిదుగురిని, అంటే లైన్‌ను, చూడండి.

ఆ అయిదుగురిలో పాతవాళ్లు ఎంతమంది మిగిలారో లెక్కపెట్టు. పౌన్సీ రిటైరయ్యాడు. డికాస్ట్రోను జూన్‌లో వదిలేశారు. విల్లనువేవా బాల్టిమోర్‌కు పోయాడు, ఫైలర్ ఛార్జర్స్‌కు పోయాడు. సెంటర్‌లో కెండ్రిక్ గ్రీన్, లెఫ్ట్ టాకిల్‌లో డాన్ మూర్, ఇద్దరూ ఈ ఏడు డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు కాలేజీ కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే చోట; బాగా ఓడిన టీమ్‌కు ముందు వంతు) వచ్చిన పిల్లలు, ఒకరు మూడో రౌండ్, ఒకరు నాలుగో రౌండ్. ఒకప్పుడు ఇద్దరు డిఫెండర్లు ఒంటికి వేలాడుతున్నా నిలబడి విసిరినవాడు ఇప్పుడు బంతి అందుకోగానే వదిలేస్తున్నాడంటే, అందులో ముప్పైతొమ్మిదేళ్ల ఒళ్లు ఎంత, ఆ పిల్లల మీద లేని నమ్మకం ఎంత అన్నది ఒక్కో ఆటకు వేరుగా తేల్చాలి. సిన్సినాటి మీద నాజీ హ్యారిస్ ఒక్కడే 14 పాస్‌లు పట్టుకున్నాడు. బంతితో పరిగెత్తడమే ముఖ్యమైన పని అయిన రన్నింగ్ బ్యాక్ అన్ని పట్టుకున్నాడంటే ముందుకు దూరంగా విసిరే దారి దొరకలేదని అర్థం.

అయితే బెన్ తప్పులు బెన్ తప్పులే. అదే ఆటలో ఎండ్ జోన్ దగ్గర, నాలుగో డౌన్‌లో, అంటే ఆఖరి ప్రయత్నంలో, గెలవాలంటే టచ్‌డౌన్ కావలసిన చోట హ్యారిస్‌కు పొట్టి పాస్ ఇచ్చాడు. దానికి లైన్‌ను అనలేం. గ్రీన్ బేలో మీదపడేవాళ్లు లేనప్పుడు కూడా దూరం పాస్‌లు రిసీవర్‌ను దాటిపోయాయి, వాటికీ అంతే. మీవాళ్లతో కలిసి ఒక కాగితం మీద బెన్ తప్పు, లైన్ తప్పు అని రెండు వరసలు గీసుకుని, చెడిపోయిన ప్రతి ప్రయత్నాన్నీ ఒకవైపు వెయ్యండి. నాకు తెలిసి సగానికి పైగా అతని వైపు పడవు, కానీ అతని వైపు పడేవి ఏడాదికేడాది పెరుగుతున్నాయి. ఈ సీజన్‌తో ఆపాలని నేననేది అందుకే.

ఇప్పుడు రెండో నిర్ణయం. అసలు నీకు ఈ ఉత్తరం ఇంత పొడుగు రాస్తున్నది దాని కోసమే.

నేను పిట్స్‌బర్గ్‌లో దిగేసరికి ఉక్కు మిల్లులు ఒకటొకటే మూతపడుతున్నాయి. ఊళ్లో మనుషులకు పట్టుకోవడానికి మిగిలింది స్టీలర్స్. టెర్రీ బ్రాడ్‌షా నాలుగు సూపర్ బౌల్‌లు తెచ్చినవాడు, కానీ 1983కి మోచేయి పాడైంది. ఆ వసంతంలో డ్రాఫ్ట్‌లో 21వ పిక్, అంటే 21వ వంతు, మనది. డాన్ మారినో అనే క్వార్టర్‌బ్యాక్ అప్పటికి ఇంకా మిగిలే ఉన్నాడు. మన ఊరి కుర్రాడు, పిట్ యూనివర్సిటీలోనే ఆడాడు. బ్రాడ్‌షా తిరిగొస్తాడు, వెనకాల క్లిఫ్ స్టౌట్, మార్క్ మలోన్ ఉన్నారు, క్వార్టర్‌బ్యాక్‌కు తొందరేముంది అన్న ధీమా ఊరంతటా ఉండేది. గేబ్ రివేరా అనే డిఫెన్స్ కుర్రాణ్ణి తీసుకున్నారు. పాపం, అదే ఏడు అక్టోబర్‌లో కారు ప్రమాదంలో అతని కాళ్లు చచ్చుబడిపోయాయి. మారినో 27వ పిక్‌గా మయామీకి పోయాడు. బ్రాడ్‌షా ఆ ఏడు ఒక్క ఆటే ఆడాడు. డిసెంబర్ 10న షే స్టేడియంలో జెట్స్ మీద రెండు టచ్‌డౌన్‌లు వేసి, చెయ్యి పట్టుకుని బయటికొచ్చాడు, మళ్లీ ఆడలేదు. 1985 జనవరిలో సూపర్ బౌల్‌కు ఒక్క మెట్టు ముందు మనల్ని ఓడించింది ఎవరనుకున్నావు? మారినో. నాలుగు టచ్‌డౌన్‌లు, 45-28.

ఆ తర్వాత మన క్వార్టర్‌బ్యాక్‌లు మలోన్, బబ్బీ బ్రిస్టర్, నీల్ ఓడానెల్, కోర్డెల్ స్టీవర్ట్, టామీ మాడక్స్. ఓడానెల్ సూపర్ బౌల్‌దాకా తీసుకెళ్లాడు, కోర్డెల్ కొన్ని ఆదివారాలు కుర్చీల్లోంచి లేపాడు. వాళ్లను చిన్నబుచ్చను. కానీ బ్రాడ్‌షా స్థానంలో నిలిచే మనిషి 2004లో బెన్ వచ్చేదాకా దొరకలేదు. ఇరవయ్యేళ్లు! అదీ 2003లో 6 గెలుపులు, 10 ఓటములై 11వ పిక్ చేతికొచ్చింది కాబట్టి. 2007లో కోచ్‌గా టామ్లిన్ వచ్చాక ఒక్క ఏడాది కూడా గెలుపుల కంటే ఓటములు ఎక్కువ కాలేదు. అది గర్వపడాల్సిన సంగతే, కానీ అలాంటి టీమ్‌కు డ్రాఫ్ట్‌లో ముందు వరస రాదు. కావలసినవాణ్ణి ముందే గుర్తుపట్టి, వెల కట్టి తెచ్చుకోవాలి. కాన్సస్ సిటీవాళ్లు 2017లో అలెక్స్ స్మిత్ బాగా ఆడుతుండగానే 27వ వంతు నుంచి 10కి ఎగబాకి క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్‌ను తెచ్చుకున్నారు, దానికి మరుసటి ఏడాది మొదటి రౌండ్ పిక్ కూడా ఇచ్చేశారు. ఒక ఏడాది కూర్చోబెట్టి నేర్పారు. మొన్న మనల్ని ఓడించిన క్వార్టర్‌బ్యాక్ రాడ్జర్స్‌ను గ్రీన్ బే 2005లో 24వ పిక్‌గా తెచ్చుకుని ఫావ్ర్ వెనకాల మూడేళ్లు ఉంచింది. ఈ ఏప్రిల్‌లో మనకూ అదే 24వ పిక్ వచ్చింది, హ్యారిస్‌ను తీసుకున్నాం. మంచి కుర్రాడే. అయినా ఆ రాత్రి నా గుండె 1983కి పోయింది.

2018లో రూడాల్ఫ్‌ను మూడో రౌండ్‌లో తీసుకుంటేనే బెన్ రేడియోలో అసంతృప్తి వెళ్లగక్కాడు. ఆటగాడికి అలా అనిపించడం సహజం. అభిమాని అతని వెంట ఆ మాట అనకూడదు. బెన్‌ను ప్రేమించేవాళ్లతో నువ్వు గట్టిగా చెప్పాల్సింది ఇదే: కొత్తవాణ్ణి వెతకమనడం బెన్‌ను అవమానించడం కాదు, బెన్ మనకెలా దొరికాడో గుర్తుపెట్టుకోవడం. 2004లో మాడక్స్ దెబ్బతిని బయటికొచ్చాకే కదా అప్పటి పిల్లాడు బెన్ దిగి వరసగా 13 ఆటలు గెలిచింది.

డబ్బు సంగతి అడిగావు. మార్చిలో అతను ఈ ఏడాది జీతం 19 మిలియన్ డాలర్ల నుంచి 14కు తగ్గించుకున్నాడు. కరోనా దెబ్బకు సాలరీ క్యాప్ (ఒక టీమ్ జీతాల మొత్తానికి లీగ్ పెట్టే పరిమితి) 182.5 మిలియన్లకు పడిపోయిన ఏడాది అది, ఆ సాయం చిన్నది కాదు. ఇప్పుడు అతన్ని బెంచీ మీద కూర్చోబెడితే ఒక్క డాలరూ మిగలదు. కొంత భారాన్ని ముందు ఏళ్లకు నెట్టారు కాబట్టి, మానేశాక కూడా వచ్చే ఏడు క్యాప్‌లో అతని పేరు మీద పది మిలియన్ల పైన పడుతుంది. ఇంకో ఏడాది ఉంచుదామనేవాళ్లు ఈ నెట్టడం ఎన్నాళ్లు సాగుతుందో చెప్పాలి.

ఒక సున్నితమైన మాట. మీ గుంపులో ఒకమ్మాయి తనకు బెన్ కోసం చప్పట్లు కొట్టాలనిపించదని అంటే మగపిల్లలు కొట్టిపారేశారని రాశావు. 2010లో జార్జియాలో ఒక యువతి అతని మీద లైంగిక దాడి ఆరోపణ చేసింది. పోలీసులు విచారించినా అభియోగాలు మోపలేదు, లీగ్ మాత్రం అతన్ని నాలుగు ఆటలు ఆడనివ్వలేదు. సూపర్ బౌల్ గెలుపు ఉంగరాలు చూపించి మీ గుంపులోని ఆ అమ్మాయి నోరు మూయించకండి. క్వార్టర్‌బ్యాక్‌గా అతనెంతటివాడన్నది ఒక చర్చ, మనిషిగా అతన్ని ఎవరు ఎంత ఆదరించాలన్నది వాళ్లవాళ్ల ఇష్టం. ఆమెకు నువ్వు ముందు ఫోన్ చెయ్యి.

మీరు మళ్లీ కూర్చున్నప్పుడు, ఆట మొదలయ్యే ముందే ప్రతి ఒక్కరూ ఏం జరిగితే తన అభిప్రాయం మార్చుకుంటాడో చెప్పాలి. ఏం జరిగినా మార్చుకోనన్నవాడితో వాదించకు, టీ పోసి పక్కన కూర్చో. నా మట్టుకు నేను చెబుతున్నాను: ఒళ్లు సహకరించక అతను దెబ్బలు తప్పించుకోలేని స్థితికొస్తే, సీజన్ మధ్యలోనైనా రూడాల్ఫ్‌ను దింపమంటాను. మనిషి ఆరోగ్యం కంటే ఏ ఆటా ఎక్కువ కాదు.

ఆదివారం హైన్జ్ ఫీల్డ్‌లో బ్రాంకోస్‌తో ఆట, ఇక్కడ రాత్రి పదిన్నరకు. గ్రీన్, మూర్ ఎలా నిలబడుతున్నారో మొదటి రెండు డ్రైవ్‌లు జాగ్రత్తగా చూసి ఆ కాగితం ఫోటో తీసి పంపు, నేనూ ఒకటి రాసుకుంటాను. అలాగే ఈ శనివారాల్లో పిట్ ఆటలు వదలకు. అక్కడ కెన్నీ పికెట్ అనే క్వార్టర్‌బ్యాక్ కుర్రాడు ఆడుతున్నాడు. మీరంతా కలిసి ఒకసారి స్టేడియానికి వెళ్లి అతని చెయ్యి ఎలా ఉందో చూసి రాయి.

అక్కను అడిగినట్టు చెప్పు.

ఆశీస్సులతో,
మామయ్య