నోటు వెనక వైపు ఏది?

అమ్మడూ,

నువ్వు పంపిన కాగితాలు రాత్రి కూర్చుని చదివాను. ఇల్లు చాలా బాగుందని ఉత్తరంలో మూడు చోట్ల రాశావు. బాగుంటే ఉండనీ, నువ్వు కొనేది ఇల్లు కాదు కదా, ఆ ఇంటి మీద ఎవరో తీసుకున్న అప్పు. ఇన్నేళ్లలో ఇంత వడ్డీతో తీరుస్తానని అతను రాసిచ్చింది ప్రామిసరీ నోటు. తీర్చకపోతే ఇల్లు అమ్మించి రాబట్టుకోమని ఇచ్చింది తనఖా పత్రం. అవి రెండు వేర్వేరు కాగితాలు, రెండూ నీ పేరు మీదికి మారాలి.

నేనైతే ఇంటి ఫొటోలు ఆఖర్న చూస్తాను. ముందు చూసేది కిస్తీల పట్టీ. ఒకటో తేదీన కట్టాల్సిన మనిషి ఒక నెల 4న, ఇంకో నెల 19న కట్టి, తర్వాత రెండు నెలలు ఎగ్గొట్టి మూడు కిస్తీలు ఒక్కసారే వేశాడనుకో, ఆ డబ్బు ఎక్కడిదని అడగాలి. నోటు అమ్మకానికి పెట్టే ముందు పట్టీ శుభ్రంగా కనబడాలని అమ్మేవాళ్లే సర్దిన సందర్భాలూ ఉంటాయి. అందుకే వాళ్లు రాసిచ్చిన పట్టీని బ్యాంకు స్టేట్‌మెంట్ పక్కన పెట్టి, వరస వరసా సరిచూడు. బాకీ ఇంత మిగిలింది, దాని మీద తగాదా ఏమీ లేదు అని అప్పు తీసుకున్నవాడి సంతకంతో ఒక ఉత్తరం కూడా తీసుకో.

ఐదేళ్లుగా కడుతున్నాడు, చాలావరకు తీరిపోయింది అని అమ్మేవాళ్లు అన్నారట. లెక్క వేసి చూడు. లక్ష అప్పు, 6 శాతం వడ్డీ, 30 ఏళ్ల గడువు అయితే నెల కిస్తీ దాదాపు 600. మొదటి నెల అందులో 500 వడ్డీకే పోతుంది, అసలు తగ్గేది 100. ఐదేళ్లు ఒక్క కిస్తీ తప్పకుండా కట్టినా అసల్లో తగ్గేది 7,000 లోపే.

ధర సంగతి. లక్ష అసలు, ఏడాదికి 9 శాతం వడ్డీ, అసలంతా ఐదో ఏట ఒక్కసారే చెల్లింపు అన్న నోటును 90,000కు కొన్నావనుకో. ఏటా 9,000 వస్తుంది, చివర్న లక్ష వస్తుంది. కలిపి చూస్తే నీకు గిట్టేది ఏడాదికి 11.8 శాతం దాకా. అతను ఏడాదికే అప్పంతా తీర్చేస్తే ఇంకా మంచిది, 90,000 పెట్టి 1,09,000 తీసుకుంటావు. అదే నోటును 1,05,000కు కొని ఉంటే, ఏడాదికే తీర్చేసినప్పుడు మిగిలేది 4 శాతం కూడా కాదు. కొత్తవాళ్లు అతను ఎగ్గొడతాడేమోనని భయపడతారు గానీ, ముందుగా కట్టేస్తాడేమో అన్న ఆలోచనే రాదు.

ఇంటి విలువ ఇప్పుడు ఎంతో వేరే మనిషితో మదింపు చేయించు. విలువ లక్ష, బాకీ 60,000 అయితే ఊపిరి తీసుకునే చోటుంది. బాకీ 90,000 అయితే మిగిలే 10,000 వేలం ఖర్చులకే చాలకపోవచ్చు. నీది మొదటి తనఖానా, రెండోదా అన్నది ఇంకా ముఖ్యం. రెండోదైతే మొదటివాడు తన వాటా పట్టుకెళ్లాక మిగిలిందే నీది, ఒక్కోసారి ఏమీ మిగలదు. ఇంటి పన్ను బకాయి చాలా చోట్ల అందరికన్నా ముందు నిలబడుతుంది, అదీ కనుక్కో. బీమాలో నీ పేరు చేర్పించు. కిస్తీలు నువ్వే వెంటపడి వసూలు చేయకుండా, ఆ పని చేసిపెట్టే సంస్థకు అప్పగించు. పొదుపు పేరుతో నేనే వసూలు చేసి, రెండేళ్లు ఆదివారాలన్నీ ఫోన్లలో పోగొట్టుకున్నాను.

నేను కొన్న మూడో నోటు కథ నీకు చెప్పలేదనుకుంటా. అది నా దాకా రాకముందే ఒకసారి చేతులు మారింది. మొదటిసారి అమ్మినాయన, హక్కు కొన్నవాడికి మార్చినట్టుగా నోటు వెనక వైపు సంతకం చేసి ఇచ్చాడు. నాకు అమ్మినాయన చేయలేదు, నేనూ తిప్పి చూడలేదు. అప్పు తీసుకున్నవాడు నాలుగో నెల కిస్తీ ఆపేసి, "ఈ డబ్బు మీకే కట్టాలని రుజువేదండీ?" అన్నాడు. అతని తప్పేముంది, అదే డబ్బు ఇద్దరికి కట్టాల్సి వస్తే నష్టపోయేది అతనే కదా? అమ్మినాయన అప్పటికే ఊరు మారాడు. ఆ ఒక్క సంతకం తెప్పించడానికి నాకు పదకొండు నెలలు పట్టింది.

మొదటిసారి కాబట్టి నోటు మొత్తం కొనక్కర్లేదు. వచ్చే 60 కిస్తీలు మాత్రం నీవి, తర్వాతవి మళ్లీ అమ్మేవాడివి అని ఒప్పందం రాసుకోవచ్చు. పెట్టుబడి తగ్గుతుంది. మధ్యలో కట్టడం ఆగిపోతే ఎవరేం చేయాలో అందులోనే రాయించు.

ఇక నువ్వు పంపిన కాగితాల్లో నోటు ముందు వైపు మాత్రమే ఉంది. వెనక వైపు అడుగు. రంగు జిరాక్సు కాదు, అసలు కాగితమే నీ ఎదుట పెట్టమను. అది చూసేదాకా అడ్వాన్సు ఇవ్వకు.

నీ పెద్దత్త