రొమ్ము గట్టిపడి జ్వరం వస్తే బిడ్డకు పాలు మాన్పించాలా?

చెల్లీ, పొదిలి నుంచి నువ్వు రాసింది చదివాను. 23 రోజుల బిడ్డ, కుడి రొమ్ము ఎర్రబడి గట్టిగా అయిపోయింది, రాత్రి నుంచి చలిజ్వరం, ఇంట్లో అత్తగారేమో "చెడిపోయిన పాలు బిడ్డకు పడవు, ఆ పక్క మాన్పించు" అంటున్నారు, ఏం చెయ్యాలో తెలియట్లేదు అన్నావు. ముందు జవాబు చెప్తాను, నా కథ తర్వాత చదువుకో. మాన్పించొద్దు. ఆ పక్క కూడా ఇవ్వు. పాలు చెడిపోలేదు, బిడ్డకు ఏమీ కాదు. రాత్రి మొదలైన జ్వరం ఈ సాయంత్రానికి కూడా దిగకపోతే ఈరోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళు, రేపు చూద్దాంలే అనుకోవద్దు. ఒళ్ళు మరీ తూలిపోతున్నా, ఎరుపు ఇంకా పాకుతున్నా సాయంత్రం దాకా కూడా ఆగొద్దు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నేను మాన్పించి నానా అవస్థ పడ్డాను.

మాది కావలి. పెద్దది పుట్టినప్పుడు మండుటెండలు, నేను పుట్టింట్లో ఉన్నాను. నాలుగో రోజుకు పాలు ఒక్కసారిగా పడ్డాయి, రెండు వైపులా రాళ్ళలా అయిపోయాయి. రొమ్ము అంత బిగుసుకుపోయేసరికి పాప నోటికి సరిగ్గా అందేది కాదు, చనుమొన చివర మాత్రం పట్టుకుని చీకేది. వారం తిరిగేసరికి పగుళ్ళు, పాలతో పాటు రక్తం. పాప ఏడుపు వినపడితే చాలు, నా కాళ్ళ వేళ్ళు ముడుచుకుపోయేవి. "మొదట్లో అందరికీ అంతేనమ్మా" అన్నారు అందరూ. నేనూ పళ్ళు బిగబట్టి ఓర్చుకున్నాను. ఓర్చుకోవాల్సింది కాదు. మొదట ఒక నిమిషం లాగినట్టు ఉండటం వేరు, పాలిచ్చినంతసేపూ కళ్ళనీళ్ళు రావడం వేరు. రెండోది బిడ్డ పట్టు సరిగా లేదని చెప్పే గుర్తు.

ఆ తర్వాత ఎడమ పక్క ఒకచోట గడ్డలా తగిలింది. అవ్వ వేడి కాపడం పెట్టింది, వీధిలో బాలింతలకు ఒళ్ళు పట్టే ఆవిడ వచ్చి ఆముదం రాసి గడ్డ కరగాలని బొటనవేలితో నొక్కి నొక్కి పిసికింది, నేను పంపు తెప్పించుకుని గంటగంటకూ లాగాను. మూడూ ప్రేమతోనో భయంతోనో చేసినవే, మూడూ ఎదురుతిరిగాయి. తర్వాత నెల్లూరులో డాక్టరమ్మ చెప్పింది, మనం గడ్డ అంటాం గానీ లోపల పాలు ఉండకట్టుకుని కూర్చోవట, చుట్టూ కండ వాచి పాలు వచ్చే సన్నటి దారులను నొక్కేస్తుందట. వాచినదాన్ని పిసికితే ఇంకా వాస్తుంది. పంపుతో ఎంత లాగితే ఒళ్ళు అంత పాలు తయారు చేస్తుంది. పైగా మా అమ్మ పాలు పడాలని పాలసొర పిట్టు, వెల్లుల్లి కారం మానకుండా పెడుతూనే ఉంది, నాకు ఉన్న పాలే ఎక్కువైపోయినా!

నెప్పి తగ్గుతుందని మల్లెపూలు కట్టమని కూడా ఒకరన్నారు. నువ్వు కట్టొద్దు. పాలు ఎండిపోవడానికి కట్టేవి అవి, బిడ్డ దక్కని తల్లులకు కట్టేవాళ్ళు. అది ఉత్త నమ్మకం కాదు, వేలూరులో డాక్టర్లు పరీక్షించి చూసి పాలు తగ్గుతాయని 1988లోనే ప్రచురించారు.

పదో రోజు జ్వరం 102 దాటింది. దగ్గర్లో ఒక డాక్టర్‌కి చూపిస్తే మాత్రలు రాసి, అవి వాడినన్నాళ్ళు పాలు ఆపమన్నారు. ఆపేశాను. ఆపిన రెండో రోజుకు ఆ గడ్డ మీద చర్మం మెరుస్తూ, లోపల పోటుపోటుగా, చెయ్యి ఎత్తలేని స్థితి. నెల్లూరు బయల్దేరాం, కారు ఎక్కడ కుదిపినా అరిచాను. అక్కడ స్కానింగ్ తీసి చీము పట్టిందన్నారు. సూదితో తీశారు, అలా మూడుసార్లు వెళ్ళాల్సి వచ్చింది. "పాలు ఎవరు మాన్పించమన్నారమ్మా?" అని డాక్టరమ్మ అడిగితే అక్కడే ఏడ్చేశాను. బాలింతలకు ఇబ్బంది లేని యాంటీబయాటిక్స్ ఉన్నాయి, అవి వాడుతూ పాలు ఇవ్వచ్చు. నువ్వు వెళ్ళినప్పుడు బిడ్డకు పాలిస్తున్నానని ముందే చెప్పు, రాసిన కోర్సు నొప్పి తగ్గింది కదా అని మధ్యలో వదిలెయ్యొద్దు.

ఇక ఇప్పుడు ఏం చెయ్యాలంటే, బిడ్డకు పట్టే ముందు రొమ్ము బిగువుగా ఉంటే చనుమొన చుట్టూ నల్లటి భాగం మీద వేళ్ళు ఆనించి, లోపలికి మెల్లగా ఒక నిమిషం నొక్కి పట్టుకో, అక్కడ మెత్తబడుతుంది. బిడ్డ పొట్ట నీ పొట్టకు ఆనాలి, ముక్కు చనుమొనకు ఎదురుగా ఉండాలి. నోరు ఆవులించినంత పెద్దగా తెరిచినప్పుడు బిడ్డను నీ దగ్గరికి తెచ్చుకో, నువ్వు బిడ్డ మీదకి వంగొద్దు. గడ్డం రొమ్ముకు తగలాలి, కింది పెదవి బయటికి మడతపడాలి, నల్లటి భాగం చాలావరకు నోట్లోకి పోవాలి. నొప్పి ఆగకపోతే గుంజొద్దు, నీ చిటికెన వేలు బిడ్డ నోటి మూల పెట్టి పట్టు విడిపించి మళ్ళీ మొదలుపెట్టు. తాగాక చనుమొన ఒక పక్కకు నలిగినట్టు, చదునుగా బయటికొస్తే పట్టు ఇంకా కుదరలేదన్నట్టు. రోజు మొత్తం మీద 8 నుంచి 12 సార్లు తాగుతారు ఈ వయసు పిల్లలు, బిడ్డ అడిగినప్పుడల్లా ఇవ్వు, అంతకు మించి పిండి ఖాళీ చెయ్యాలని చూడొద్దు. మరీ తట్టుకోలేకపోతే చేత్తో కొంచెం, హాయి అనిపించేంత వరకే.

పాలిచ్చాక ఐస్ ముక్కలు గుడ్డలో చుట్టి పది నిమిషాలు పెట్టు. పచ్చిబాలింతకు చల్లదనం ఏంటి అని ఇంట్లో గొడవ చేస్తారు, తెలుసు, మా ఇంట్లో అవ్వ అన్నం మానేసింది. అయినా పెట్టు, వాపు దానికే లాగుతుంది. పారాసిటమాల్ బాలింతలు వేసుకోవచ్చు. పగుళ్ళకు చివర్లో వచ్చే నీ పాలే రెండు చుక్కలు రాసి ఆరనివ్వు, సబ్బు తగలనివ్వకు. పగుళ్ళ రక్తం బిడ్డ కడుపులోకి పోయినా హాని లేదు.

బిడ్డ నోట్లో తుడిచినా పోని తెల్లటి మచ్చలుంటే, నీకు పాలిచ్చాక సూదులు గుచ్చినట్టుంటే అది వేరే సంగతి, ఇద్దరికీ మందు వాడాలి. జ్వరం తగ్గాక కూడా గడ్డ రెండు వారాలకు మించి అలాగే ఉంటే స్కానింగ్ తీయించుకో.

రెండోవాడికి మూడో రోజునే ఆశా అక్క వచ్చినప్పుడు, సిగ్గుపడకుండా ఆమె ముందే పాలిచ్చి పట్టు చూడమన్నాను. మీ ఊళ్ళో ఆశా కార్యకర్త 28వ రోజుకి, 42వ రోజుకి ఇంటికి రావాలి, అప్పటిదాకా ఆగకుండా ఇప్పుడే ఫోన్ చేసి పిలువు. ఆమె నోటితో చెప్పిస్తే మీ అత్తగారు కూడా వింటారు. ఆవిడ మీద కోపం పెట్టుకోకు, బిడ్డ కోసమే అంటున్నారు.

సాయంత్రం జ్వరం చూసుకుని ఎంతుందో ఇక్కడ రాయి, రాత్రి పదింటిదాకా చూస్తూ ఉంటాను.