కోతి కంటికి ఎరుపు తెలుస్తుందా?

ప్రశ్న: మా పెరట్లో జామచెట్టు మీద కోతుల గుంపు పడితే పచ్చికాయలు కొరికి పారేసి, పండినవి మాత్రం ఏరుకుని తినేస్తాయి. కుక్కలకు ఎరుపు సరిగ్గా తెలియదని చదివాను. మరి కోతులు మనలాగే చూస్తాయా?
- ఓ పాఠకురాలు, సిద్దిపేట

జవాబు: రంగుల వరకైతే దాదాపు మనలాగేనండి. మన ఊళ్ల మీద పడే కోతుల రెటీనాలో (కంటి వెనక పొర) రంగులు పట్టే కోన్ కణాలు మనకున్నట్టే మూడు రకాలు, కుక్కకి రెండే. ఆకుల గుబురులో ఎర్రబడుతున్న పండు వాటికి దూరం నుంచే తెలిసిపోతుంది. జామ విషయంలో వాసన చూడటం, చేత్తో నొక్కి చూడటం కూడా ఉంటాయి, క్రెడిట్ అంతా కళ్లకే ఇవ్వకండి.

అయితే అన్ని కోతుల్నీ ఒకే గాటన కట్టలేం. దక్షిణ అమెరికాలో ఉండే స్క్విరల్ మంకీల్లో మగవాటికి రెండు రకాల కోన్‌లే, ఆడవాటిలో చాలావాటికి మూడు. ఎరుపు, ఆకుపచ్చల తేడా పట్టించే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, మగదానికి ఆ క్రోమోజోమ్ ఒక్కటే, ఆడదానికి రెండు కాబట్టి వాటి మీద రెండు వేర్వేరు రకాల జన్యువులు పడితే మూడో కోన్ వచ్చేస్తుంది. అంటే ఒక తల్లి పిల్లల్లోనే అక్కకి తెలిసే ఎరుపు తమ్ముడికి తెలియకపోవచ్చు! మనుషుల్లో ఈ రకం కలర్ బ్లైండ్‌నెస్ మగవాళ్లలోనే ఎక్కువగా ఉండటం కూడా ఆ క్రోమోజోమ్ వల్లే. 2009లో అమెరికాలో జే నీట్జ్ అనే శాస్త్రవేత్త బృందం డాల్టన్, శామ్ అనే రెండు మగ స్క్విరల్ మంకీల కళ్లలోకి, వైరస్ సాయంతో, వాటికి లేని ఆ జన్యువును పంపింది. కొన్ని నెలలయ్యేసరికి అవి బూడిదరంగు చుక్కల మధ్య ఎరుపు, ఆకుపచ్చ చుక్కల్ని పట్టేశాయి. పుట్టాక ఎన్నడూ ఆ తేడా ఎరగని మెదడు, పెద్దయ్యాక దాన్ని వాడుకోగలిగింది చూశారా, నాకు అన్నిటికన్నా వింతగా అనిపించేది అదే.

అసలు తేడా కన్ను దాటాకే, మెదడులో మొదలవుతుంది. చిన్న చతురస్రాలు పేర్చి పెద్ద వృత్తం చేస్తే, ముగ్గులో చుక్కలు పోయి పువ్వే కనబడినట్టు, మనకు ముందు వృత్తమే కనిపిస్తుంది. ఫ్రాన్స్‌లో బబూన్లనే ఆఫ్రికా కోతులకు ఇలాంటివి చూపిస్తే అవి ముందు చిన్న బొమ్మల్నే పట్టుకున్నాయి. చుక్క చుట్టూ పెద్ద వృత్తాలు పెడితే మన కంటికి ఆ చుక్క ఉన్నదానికన్నా చిన్నగా కనిపిస్తుంది, 2007లో అక్కడే చేసిన ప్రయోగంలో బబూన్లు మాత్రం ఆ బుట్టలో పడలేదు. అలాగని వాటికి మొత్తం బొమ్మ కనబడదనుకోకండి, ముక్కల్ని గీతలతో కలిపితే పెద్ద ఆకారాన్ని బాగానే పోల్చుకుంటాయి, మధ్యలో ఖాళీలు ఉంటేనే వాటికి చిక్కు.