ఐఎఫ్ఎస్‌లో (ఇండియన్ ఫారిన్ సర్వీసులో) చేరితే జీవితం ఎలా ఉంటుంది? మా బాబాయిని చూసి నేను చెప్పగలిగింది

విజయవాడలో డిగ్రీ చదువుతున్నాననీ, సివిల్స్ రాసి ఐఎఫ్ఎస్ తీసుకోవాలని ఉందనీ, ఇంట్లోవాళ్లేమో "కలెక్టరు అవ్వక ఆడపిల్లకి ఈ దేశదేశాలు తిరిగే ఉద్యోగమెందుకు" అంటున్నారనీ రాశారు. దగ్గర నుంచి చూసినవాళ్లను చెప్పమన్నారు కాబట్టి రాస్తున్నాను. మా బాబాయి ముప్ఫై ఏళ్లకు పైగా ఆ సర్వీసులో ఉండి, రాయబారిగా రిటైరై, ఇప్పుడు గుంటూరు బ్రాడీపేటలో మా పక్క వీధిలోనే ఉంటున్నారు.

మీవాళ్ల మాటలో కొంత నిజముంది. ఐఏఎస్‌కు ఉన్నట్టు దీనికి రాష్ట్ర కేడర్ ఉండదు, మన జిల్లాలో మీ పేరుతో బోర్డు కనపడదు. ముస్సోరీలో ఫౌండేషన్ కోర్సు మాత్రం అందరితో పాటే. తర్వాత ఢిల్లీలో సుష్మా స్వరాజ్ పేరు పెట్టిన సంస్థలో శిక్షణ, ఆపైన ఒక విదేశీ భాష. దాని పరీక్ష గట్టెక్కాల్సిందే. బాబాయికి అరబిక్ ఇచ్చి కైరో పంపారు. థర్డ్ సెక్రటరీతో మొదలై మెట్టు మెట్టుగా రాయబారి దాకా వెళ్లాలి. కామన్వెల్త్ దేశాల్లో ఆ పదవినే హైకమిషనర్ అంటారు. సుమారు మూడేళ్లకోసారి మకాం మారుతుంది.

దౌత్య విందుల గురించి అడిగారు. ఉంటాయి. కానీ అక్కడ విన్నదంతా గుర్తుపెట్టుకుని, ఆ రాత్రే కూర్చుని ఢిల్లీకి రాసి పంపాలి. రాయడం ఇష్టం లేనివాళ్లకు ఈ ఉద్యోగం నరకమంటారు బాబాయి.

ఆయన ఎక్కువగా చెప్పేది మాత్రం గల్ఫ్‌లో కాన్సులర్ పని, అంటే అక్కడి మనవాళ్లకు సాయపడే పని, చేసిన రోజుల గురించి. కడప నుంచి, కోనసీమ నుంచి వెళ్లిన కూలీ ఎవరైనా అక్కడ చనిపోతే శవం ఊరికి చేరడం అంత తేలిక కాదు. మరణ ధ్రువపత్రం, పోలీసు కాగితం, ఇంటివాళ్ల అంగీకారపత్రం, శవం పాడవకుండా మందు పెట్టారన్న ఎంబామింగ్ సర్టిఫికెట్, కఫీల్ (పనిలో పెట్టుకున్న అక్కడి యజమాని) ఇవ్వాల్సిన క్లియరెన్సు కావాలి. పాస్‌పోర్టు రద్దు చేసి ఎంబసీ తన ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఇస్తుంది. ఇందులో ఒక్కటి ఆగినా శవం మార్చురీలోనే. డబ్బు లేనివాళ్లను ఆదుకోవడానికి 2009లో ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ పెట్టారు. అంతకుముందు సిబ్బందీ తెలుగువాళ్లూ తలా కొంత వేసుకుని పంపిన సందర్భాలు ఉన్నాయట. చనిపోయిన ఒక డ్రైవరు తాలూకు కఫీల్ సంతకం పెట్టనంటే, బాబాయి ఆ కఫీల్ ఇంటికే వెళ్లి మూడు గంటలు కూర్చున్నారు. కైరోలో నేర్చుకున్న అరబిక్ ఆ రోజు పనికొచ్చిందని ఇప్పటికీ చెబుతారు. మా నాయనమ్మ పోయినప్పుడు ఆయనే చిన్నకర్మ నాటికి గానీ రాలేకపోయారు.

ఇంకో బరువు పిన్ని మోసింది. ఇక్కడ లెక్చరర్ ఉద్యోగం మానేసి ఆయనతో వెళ్లింది. పిల్లలు అయిదు బడులు మారారు. మా చెల్లెలికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. నాయనమ్మ రాసిన ఉత్తరాలు ఇప్పటికీ పిన్ని చేత చదివించుకుంటుంది. బ్రాడీపేట ఇంటి మేడమీద గదిలో పిన్ని చేతిరాతతో నంబర్లు వేసిన అట్టపెట్టెలున్నాయి. కొన్నిటిని మూడు దేశాలు దాటినా విప్పనేలేదు. మీరు చేరితే మీ భర్త ఉద్యోగం సంగతేమిటని పెళ్లికి ముందే మాట్లాడుకోండి. ఇది దాటేసే ప్రశ్న కాదు.

ఆడపిల్లకెందుకన్న మాటకు సి.బి.ముత్తమ్మగారి సంగతి చెప్పండి. 1949లో ఈ సర్వీసులో చేరిన మొదటి మహిళ. పెళ్లికి ముందు మహిళా అధికారులు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలన్న నిబంధనల మీద సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ వివక్షను గట్టిగా తప్పుపట్టారు. మీకు ఆ అడ్డంకి లేకుండా పోయింది ఆవిడ పోరాటం వల్లే.

నన్నడిగితే సివిల్స్ రాయండి. ముందు ఒకసారి బాబాయితో మాట్లాడతానంటే మెసేజ్ పెట్టండి, ఆదివారం ఉదయం పూట ఆయన ఇంట్లోనే ఉంటారు.