పీపీటీలు ఎక్కడ దొరుకుతాయి అక్కా?

సందేహం: అక్కా, ఖమ్మంలో జూనియర్ కాలేజీలో పదకొండేళ్ళు ఫిజిక్స్ చెప్పాను. ఈ ఆగస్టులో జే1 వీసా (కొన్నేళ్ళపాటు ఇక్కడ పాఠాలు చెప్పి తిరిగి వెళ్ళే ఎక్స్ఛేంజి వీసా) మీద అమెరికా వచ్చి, ప్రభుత్వ బడిలో ఎనిమిదో గ్రేడ్ సైన్స్ చెబుతున్నాను. చేతికి చాక్‌పీసు ఇస్తే గంటసేపు చెప్పగలను. ఇక్కడేమో రోజూ స్లైడ్లు కావాలి. ఫ్రీగా రెడీమేడ్ పీపీటీలు దొరికే సైట్లు చెప్పండి. రాత్రి ఒంటిగంట దాకా వెతకడంతోనే సరిపోతోంది.

జవాబు: ముందు ఆ ఒంటిగంట సంగతి చూద్దాం అమ్మా. మొదటి ఏడాది నేనూ అలాగే మేలుకున్నాను. ఎవరో చేసి పెట్టిన నలభై స్లైడ్ల పీపీటీ దొరికితే పండగలా ఉండేది. పొద్దున్నే వెళ్ళి ఒక్కొక్కటీ చదువుతుంటే ఆరో స్లైడు దగ్గరికి వచ్చేసరికి వెనక వరసలో కుర్రాడు బల్లమీద తలపెట్టి పడుకున్నాడు. నోట్సు చెబితే గబగబా రాసుకునే మన ఇంటర్ పిల్లలు వేరు. వీళ్ళకు పది నిమిషాలకోసారి చేతికి పని తగలాలి. అలాంటి క్లాసుకు ఆరేడు స్లైడ్లు చాలు. రాగానే చేసే బెల్ రింగర్ ఒకటి, ఒక బొమ్మ, ఒక ప్రశ్న, ఏం చెయ్యాలో రెండు ముక్కలు, చివర్లో ఎగ్జిట్ టికెట్, అంటే బయటికి వెళ్ళేముందు పిల్లలు జవాబు రాసిచ్చే చిన్న ప్రశ్న. కాబట్టి పీపీటీల కోసం వెతకడం మానేసి బొమ్మలు, సిమ్యులేషన్లు (తెరమీద పిల్లలే నడిపి చూసే ప్రయోగాలు), ప్రశ్నలు వెతకండి. సగం రాత్రి మిగులుతుంది.

ఇంటర్నెట్ కంటే ముందు పక్క గది తలుపు తట్టండి. మీ గ్రేడుకు అదే సబ్జెక్టు చెప్పే ఇంకో టీచరు ఉంటారు. ఏ పాఠం ఏ వారంలో చెప్పాలో ఉండే పేసింగ్ గైడ్ ఎక్కడుంది, డిస్ట్రిక్ట్ (మన జిల్లా కాదు, ఇక్కడ కొన్ని బళ్ళను కలిపి నడిపే సంస్థ) ఏ కరికులం కొన్నది, షేర్డ్ డ్రైవ్ ఉందా అని అడగండి. అడిగితే మనకు రాదనుకుంటారేమోనన్న మొహమాటం మనది. అడగకుండా ఒంటరిగా తంటాలు పడేవాళ్ళే ఇక్కడివాళ్ళకు వింతగా కనిపిస్తారు. డబ్బు కట్టి కొన్న సరుకు బడిలోనే మూలుగుతుంటే మనం ఫ్రీ సైట్ల వెంట పడతాం.

ఇక వెతికే పద్ధతి. 'ఫోర్స్ పీపీటీ' అని కొడితే చెత్తంతా వస్తుంది. స్టాండర్డు కోడ్ కొట్టండి. ఏ తరగతి పిల్లలకు ఏం రావాలో చెప్పేవే స్టాండర్డులు, ఒక్కోదానికి ఒక కోడ్ ఉంటుంది. 2013లో వచ్చిన నెక్స్ట్ జనరేషన్ సైన్స్ స్టాండర్డ్స్‌ను చాలా రాష్ట్రాలు యథాతథంగానో కొద్ది మార్పులతోనో పెట్టుకున్నాయి. అందులో ఎంఎస్-పీఎస్2-2 (MS-PS2-2) అంటే, వస్తువు చలనంలో మార్పు దానిమీద పనిచేసే బలాల మొత్తం మీదా, దాని ద్రవ్యరాశి మీదా ఆధారపడుతుందని చూపే ప్రయోగాన్ని పిల్లలే ప్లాన్ చేయడం. టెక్సస్‌లో అయితే వాళ్ళ సొంత స్టాండర్డులు, వాటిని టీక్స్ అంటారు, కోడ్లు వేరు. మీ పాఠం కోడ్ పక్కన 'లెసన్' అని చేర్చి వెతికితే మీ గ్రేడుకు సరిపడేవే ఎక్కువ వస్తాయి. మీకు కోడ్లన్నీ కొత్త కనుక మొదట చిరాకనిపిస్తుంది, రెండు వారాల్లో నోటికొచ్చేస్తాయి.

ఒక్క సైటే చెప్పమంటే ఫెట్ (PhET) అంటాను. భౌతికశాస్త్రంలో 2001 నోబెల్ పంచుకున్న కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయం, బౌల్డర్‌లో మొదలుపెట్టిన సిమ్యులేషన్లు ఇవి. బడి పిల్లలకిచ్చే క్రోమ్‌బుక్ ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్లోనే తెరుచుకుంటాయి, లాగిన్ అక్కర్లేదు. లాగిన్ లేకపోవడం ఎంత సుఖమో కిందకు వచ్చాక చెబుతాను. 'ఫోర్సెస్ అండ్ మోషన్: బేసిక్స్' తెరవండి. అందులో మోషన్ భాగంలో ఘర్షణ ఉండదు. బొమ్మ మనిషి పెట్టెను తోస్తాడు. తోయడం ఆపితే ఏమవుతుందో ముందు కాగితం మీద రాయమనండి. 'ఆగిపోతుంది' అనే ఎక్కువమంది రాస్తారు. ఖమ్మంలో మీ పిల్లలూ అదే అనేవాళ్ళు కదా! నడిపి చూస్తే ఆగదు, అదే వేగంతో పోతూనే ఉంటుంది. తర్వాత ఫ్రిక్షన్ భాగంలోకి వెళ్ళి అదే పని చేయించండి. ఈసారి ఆగుతుంది. ఇద్దరిద్దరు కూర్చుని 'ఎందుకు?' అని వాదించుకుంటుంటే పదిహేను నిమిషాలు మీరు నోరు విప్పనక్కర్లేదు. న్యూటన్ మొదటి సూత్రాన్ని నేను చాక్‌పీసుతో అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఖాన్ అకాడమీ మీకు తెలిసిందే. సీకే-12 అనే సైటులో పాఠాలు, ప్రశ్నలు ఉంటాయి. రైస్ విశ్వవిద్యాలయంవారి ఓపెన్‌స్టాక్స్‌లో హైస్కూలు ఫిజిక్స్ పుస్తకం ఉచితం, మీరు చదువుకోవడానికి పనికొస్తుంది కానీ ఎనిమిదో గ్రేడుకు బరువు. ఎవరైనా తమ గూగుల్ స్లైడ్స్ లింకు ఇస్తే, చిరునామాలో 'ఎడిట్' అన్న మాట నుంచి చివరిదాకా చెరిపేసి అక్కడ 'కాపీ' అని ఇంగ్లీషులో కొట్టండి. మీ డ్రైవ్‌లోకి ఒక ప్రతి దిగుతుంది.

బొమ్మల దగ్గర మాత్రం కాస్త ఆగాలి. గూగుల్‌లో కనబడ్డ బొమ్మ ఫ్రీ అనుకోవద్దు. నాసా ఫొటోలకు సాధారణంగా కాపీరైట్ ఉండదు, వాళ్ళ లోగో జోలికి మాత్రం వెళ్ళకండి. అమెరికా మ్యూజియంల సంస్థ స్మిత్‌సోనియన్ 2020 ఫిబ్రవరిలో 28 లక్షల బొమ్మలు ఎవరైనా ఎలాగైనా వాడుకోండని వదిలేసింది. క్రియేటివ్ కామన్స్ (షరతులతో వాడుకోనిచ్చే లైసెన్సు) అని ఉన్నవాటికి చివరనున్న అక్షరాల తోక చూడండి. బీవై అంటే పేరు చెప్పి వాడుకోవాలి, ఎన్‌సీ అంటే దాంతో వ్యాపారం చెయ్యకూడదు, ఎన్‌డీ అంటే మార్చిన ప్రతిని పంచకూడదు, ఎస్ఏ అంటే మార్చి పంచితే అదే లైసెన్సుతో పంచాలి. గూగుల్ ఇమేజెస్‌లో టూల్స్ నొక్కితే యూసేజ్ రైట్స్ వస్తుంది, అక్కడ క్రియేటివ్ కామన్స్ ఎంచుకోండి. స్లైడు కింద చిన్న అక్షరాల్లో ఎవరిదో రాయండి. పిల్లలకు ప్రాజెక్టుల్లో మూలం రాయమని చెప్పేది మనమే కదా.

ఇప్పుడు లాగిన్ కథ. నేను వచ్చిన కొత్తలో ఒక ఫ్రీ క్విజ్ సైటు దొరికింది. సంబరంగా పిల్లలందరి పేర్లూ ఈమెయిళ్ళూ ఎక్కించేశాను. మూడోరోజు ఆఫీసు నుంచి పిలుపు. పిల్లల రికార్డుల గోప్యతకు ఫెర్పా అనే చట్టం ఉందని, పదమూడేళ్ళ లోపు పిల్లల వివరాలు ఆన్‌లైన్‌లో సేకరించాలంటే కోపా అనే ఇంకో చట్టం ప్రకారం తల్లిదండ్రుల అనుమతి సంగతి చూడాలని అప్పుడే తెలిసింది. మందలించలేదు కానీ, డిస్ట్రిక్ట్ ఆమోదించిన యాప్‌ల జాబితా చేతిలో పెట్టారు. మొదటిరోజే ఇచ్చుంటే ఏం పోయిందో! మీరు ఇప్పుడే అడిగి తీసుకోండి. అందులో లేని సైటుకు పిల్లల వివరాలు ఇవ్వకండి.

ఆదివారం తెలుగు తరగతి కూడా మీ నెత్తిన పడుతుంది, మన అసోసియేషన్లవాళ్ళు టీచరంటే వదలరు. దానికి ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా ఉన్నాయి, ప్రింటు తీసి పంచవచ్చు. స్లైడ్లకు గూగుల్ ఫాంట్స్‌లోని మండలి, రామభద్ర, ఎన్టీఆర్ లాంటి తెలుగు ఫాంట్లు వాడండి. ఇంటి దగ్గర్నుంచి ఎవరైనా 'అను' అనే పాతరకం తెలుగు ఫాంట్లలో (యూనికోడ్ కానివి) చేసిన ఫైళ్ళు పంపితే ఇక్కడి కంప్యూటర్లో పిచ్చిగీతల్లా కనిపిస్తాయి. బాగుచేయబోతే ఆదివారం కాస్తా గడిచిపోతుంది, మళ్ళీ టైపు చేసుకోవడమే నయం.

ఇంకొక్క మాట. మీ వీసా మూడేళ్ళు, పొడిగిస్తే మహా అయితే ఇంకో రెండేళ్ళు. బడి వదిలాక బడి ఈమెయిలు ఖాతా మూసేస్తారు, దాంతోపాటు డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది. పనికొచ్చిన లింకులు ఏ పాఠానికి ఏది అని మీ సొంత నోటుపుస్తకంలో రాసిపెట్టుకోండి. బడి కోసం చేసిన స్లైడ్లు తీసుకెళ్ళవచ్చో లేదో కాంట్రాక్టులో చూసుకోండి, పిల్లల పేర్లూ మార్కులూ ఉన్నవి మాత్రం వెంట తీసుకెళ్ళవద్దు. బలాల పాఠం ఎప్పుడు మొదలవుతుందో రాయండి, నా ఎగ్జిట్ టికెట్ ప్రశ్నలు పంపుతాను.