కాఫీ వంగడంలో కొత్త వంగడమా?

సందేహం: మా మనవరాలు బెంగళూరులోనే వృక్షశాస్త్రం ఎమ్మెస్సీ చేస్తోంది. ప్రాజెక్టులో ఏం చేశావో తెలుగులో ఒక్క వాక్యం రాసివ్వమంటే ఇలా రాసింది: 'హెర్బేరియం నమూనాల ఆధారంగా కాఫీ కుటుంబానికి చెందిన ఒక కొత్త వంగడం వర్ణించబడింది.' (హెర్బేరియమంటే ఎండబెట్టిన మొక్కలు దాచే చోటట.) వంగడం అనేది వరికీ వేరుశెనగకీ కదా అని నేను. వెరైటీకి తెలుగు అదేనని తను. ఎవరి మాట ఒప్పు? 'నమూనా' అనవచ్చా? అయినా మొక్కని వర్ణించడమేమిటండీ, ప్రబంధమా?
– ఒక పాఠకురాలు, మల్లేశ్వరం

సమాధానం: అమ్మా, 'వర్ణించబడింది'లోని ఆ 'బడు' గురించి ఈ శీర్షికలో నేను మొత్తుకోని నెల లేదు. ఈసారికి వదిలేస్తున్నాను. చిన్నపిల్ల, పైగా తెలుగులో రాసింది. అదే పదివేలు.

వంగడం విషయంలో మీ చెవి సరిగానే పట్టింది, కాని పట్టవలసినదంతా పట్టలేదు. పాత నిఘంటువులు తెరిచి చూడండి: వంగడమంటే వంశం, కులం. రాజుల వంగడాలే తప్ప విత్తనాల వంగడాలు కావు. వ్యవసాయశాఖ వారు ఆ మాటను పొలానికి దించారు. బాపట్లలో పుట్టి 1986లో రైతుల చేతికొచ్చిన బీపీటీ 5204, అదే మన సాంబ మసూరి, వంగడం. బాలెహొన్నూరు కాఫీ పరిశోధన కేంద్రం ఇచ్చిన ఎస్ 795, చంద్రగిరి కూడా వంగడాలే. మనిషి ఎంచి, పెంచి, నిలబెట్టిన సంతతి కనుక వంశమనే పాత అర్థం అక్కడ చక్కగా అతికింది. మీ చుట్టూ ఉన్న కన్నడంవారు దీన్నే 'తళి' అంటారు. తంటా ఏమిటంటే, పాత అర్థంలో కాఫీ కుటుంబమే ఒక వంగడం. మీ మనవరాలి వాక్యాన్ని మా తాతగారి చేతికిస్తే 'వంగడంలో ఇంకో వంగడమేమిట్రా' అని కళ్లజోడు సవరించుకునేవారు.

అన్నట్టు, కాఫీ కుటుంబం అనడం కూడా అలవాటే గాని న్యాయం కాదు. ఫ్రాన్సు దేశపు జుస్యూ 1789లో ఆ కుటుంబానికి పెట్టిన రూబియేసీ అనే పేరు రూబియా మీద వచ్చింది. రూబియా అంటే ఎరుపు అద్దకపు మొక్క, మన మంజిష్ఠ దాని తోబుట్టువు. కలంకారీ ఎరుపునిచ్చిన చిరివేరూ ఈ ఇంటిదే. కడిమి, నూరువరహాలు, బిక్కి, మంగ, అన్నీ ఇక్కడివే. 'బతికుంటే బలుసాకు తినవచ్చు' అంటామే, ఆ బలుసుకీ మీ పొద్దుటి ఫిల్టరు కాఫీకీ చుట్టరికం! ఆకులు ఎదురెదురుగా ఉంటాయి. రెండు కాడల నడుమ కాండాన్ని అంటుకుని చిన్న పొలుసులాంటి పుచ్ఛం ఉంటుంది. ఈసారి బలుసు కొమ్మ చేతికొస్తే గోటితో తడిమి చూడండి. పదమూడువేల జాతుల సంసారంలో కాఫీ ఒక కోడలు మాత్రమే. డబ్బు తెచ్చింది కనుక ఇంటిపేరు తనదైపోయింది.

ఇక అసలు చిక్కుకు వస్తాను. వృక్షశాస్త్రజ్ఞుల వెరైటీ వేరు, రైతు వెరైటీ వేరు. శాస్త్రంలో కుటుంబం, ప్రజాతి, జాతి, ఉపజాతి, దాని కింద వెరైటీ. అడవిలో తనంతట తాను పెరిగే మొక్క, జాతిలక్షణాలు తప్పకుండానే ఆకు అడుగున నూగులోనో, పూగుత్తి కట్టే తీరులోనో కాస్త వేరుపడితే ఆ మెట్టు మీద కూర్చోబెడతారు. దీనికి 'భేదం' అన్న మాట నాకు నచ్చుతుంది. వైద్యులు ఓషధుల దగ్గర ఎప్పటినుంచో వాడుతున్నదే. 'రకం' అన్నా కొట్టిపారేయను. అరబ్బీ 'రకమ్' లెక్కల పుస్తకంలోంచి మన అంగట్లోకి వచ్చి పాతుకుపోయింది. అయితే 'కొత్త రకం మొక్క' అంటే వినేవాడికి నర్సరీలో కుండీ గుర్తొస్తుంది, అదీ సంగతి. ఇంకో ముచ్చట: ఒక జాతిలో ఒక భేదానికి పేరు పెట్టగానే, అసలు మూర్తికి జాతి పేరే రెండోసారి తగులుతుంది. కాఫియా అరబికా అయితే అరబికా అరబికా. మన వ్యాకరణంలో దీన్ని ఆమ్రేడితమంటాం. వాళ్లకీ ఉందని తెలిసినప్పుడు నాకెంత సంతోషమేసిందో!

ఇప్పుడు మీరు అడగనిది చెబుతాను, కోపగించుకోకండి. పోతన భాగవతం సప్తమ స్కంధంలో ప్రహ్లాదుడు గురువుతో అనే మాట మీకు నోటికి వచ్చే ఉంటుంది: 'మందార మకరంద మాధుర్యమునఁ దేలు మధుపంబు వోవునే మదనములకు'. ఈ మదనములేమిటి? ఏ వ్యాఖ్య చూసినా ఉమ్మెత్తలు అనే ఉంటుంది. నేనూ నలభై ఏళ్లు పిల్లలకు అదే చెప్పాను. కాని అమరకోశం వనౌషధివర్గంలో మదనం రెండుచోట్ల కనబడుతుంది. ఒకచోట ఉన్మత్త, కితవ, ధూర్త, ధత్తూరాలతో కలిసి. అది ఉమ్మెత్త, సందేహం లేదు. ఇంకోచోట పిండీతక, కరహాటక, శల్యాల వరసలో. అది మంగ, ముళ్లచెట్టు, మీ మనవరాలి రూబియేసీ! దాని కాయే మదనఫలం. చరకుడి కల్పస్థానం దానితోనే మొదలవుతుంది, వాంతి చేయించడానికి అంతకు మించినది లేదని. ఆ కాయ దంచి నీళ్లలో కలిపితే చేపలు మత్తెక్కి తేలతాయి. మరి తేనెటీగ పోకూడని చెట్టు ఏది? పిచ్చెక్కించేదా, కక్కించేదా?

భగవద్భక్తి రుచి మరిగినవాడికి లోకవిషయాలు వెగటు అని చెప్పడానికి, కక్కించే మంగ ఎంత బాగుంటుందో ఆలోచించండి. ఈ ఊహ వచ్చిన రోజు నాకు నిద్ర పట్టలేదు. యతికి 'మ' కావాలి కనుక ఉమ్మెత్త అనలేక మదనమన్నాడని వాదించేవారున్నారు. మంగ అన్నా 'మ'కారమే కదండీ! అయితే నా ఊహకు నేనే అడ్డం. చిన్నప్పుడు మా చిత్తూరు జిల్లా పల్లెలో పొలం గట్టున మంగచెట్టు ఉండేది. పూలు తెల్లగా విచ్చి, తరవాత పసుపు తిరిగేవి. కమ్మని వాసన. వాటి మీద తేనెటీగలు ముసురుకునేవి. 'పోవునే?' అని ప్రహ్లాదుడు అడిగితే, ఆ చెట్టు కింద నిలబడ్డవాడు 'పోతుంది నాయనా' అనవలసి వస్తుంది. ఉమ్మెత్త సాయంత్రం విచ్చే పువ్వు, పగటి తుమ్మెదకు దానితో పని తక్కువ. నా మనసు మంగ దగ్గర, బుద్ధి ఉమ్మెత్త దగ్గర ఆగి ఉన్నాయి. (మందారమూ ఈనాటి కుండీలోని ఎర్ర మందారం కాదు, దేవతరువు. దాని జోలికిప్పుడు పోను.)

పోతన ఆ మదనపు కొమ్మ ఒకటి తుంచి తాటాకుల నడుమ పెట్టి ఉంటే మనకీ తగువు లేదు. హెర్బేరియం చేసే పని అదే. కొమ్మను పాత వార్తాపత్రికల మధ్య అణచి, ఆరబెట్టి, సుమారు 42 సెంటీమీటర్ల పొడవూ 28 వెడల్పూ ఉన్న అట్టకు అంటించి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు కోశారో మూలన చీటీ రాస్తారు. మీ ఊళ్లో ఐఐఎస్సీలో అలాంటిదొకటి ఉంది. ప్రపంచ హెర్బేరియాల సూచికలో దాని గుర్తు జేసీబీ. మొదట విన్నప్పుడు మట్టి తవ్వే బండనుకుని నవ్వుకున్నాను. కొత్త పేరు పెట్టేవారు అలాంటి ఒక షీటు చూపించి 'ఈ పేరు దీనిది' అని కట్టేయాలి. దాన్నే హోలోటైపు అంటారు. 1958 నుంచి అలా మూలం చూపించని కొత్త పేరు చెల్లదు. లక్షణం కూడా 1935 నుంచి లాటిన్‌లోనే రాయాలనేవారు, 2012 జనవరి 1 నుంచి ఇంగ్లీషునూ ఒప్పుకున్నారు. తెలుగులో రాస్తే ఇప్పటికీ చెల్లదు, ఆ బాధ వేరే. పేర్లలోకి మాత్రం తెలుగు దూరింది: సోమిద చెట్టు వాళ్ల పుస్తకాల్లో సోయ్‌మిడా అయి కూర్చుంది.

ఇక్కడే నా తీర్పు, దాన్ని తీర్పనవచ్చునో లేదో. లాక్షణికులకు రెండు మాటలున్నాయి: లక్షణం, లక్ష్యం. సూత్రం లక్షణం, దానికి చూపే ఉదాహరణ లక్ష్యం. లక్ష్యం లేని లక్షణాన్ని ఏ పండితుడూ ఒప్పుకోడు. వృక్షశాస్త్రం సరిగ్గా ఈ బాటలోనే నడుస్తోంది. హోలోటైపు లక్ష్యం, దాని వివరణ లక్షణం. కాని ఈ రోజు లక్ష్యమంటే పత్రికలకు వసూళ్ల టార్గెటు. ఇంత మంచి మాటను ఎక్కడికి తోలేశారో చూడండి. కనుక 'వర్ణించారు' బదులు 'లక్షణం చెప్పారు' అంటే నాకు తృప్తి. పైగా షీటు మీద ఎండిన పువ్వుకు మిగిలేదే గోధుమరంగు. వర్ణం పోయినదాన్ని వర్ణించడమేమిటి? పూవు రంగు చీటీలో రాసి ఉంటే సరి, లేకపోతే ఎవరికీ తెలియదు. అయినా వర్ణన అనే మాట శాస్త్ర పుస్తకాల్లో స్థిరపడిపోయింది, దాన్ని తప్పనే ధైర్యం నాకు లేదు.

నమూనా పారసీ మాట, నిక్షేపంలా వాడుకోవచ్చు. హెర్బేరియాన్ని 'శుష్కవృక్షనిలయం' చేయమని మాత్రం ఎవరికీ చెప్పకండి, వినేవాళ్లు కట్టెల అడితి అనుకుంటారు.

ఇంతకీ వాక్యం ఇలా ఉంటే నాకు అభ్యంతరం లేదు: 'హెర్బేరియంలో దాచిన నమూనాలు పరిశీలించి, కాఫీ కుటుంబంలోని ఒక జాతికి కొత్త భేదాన్ని గుర్తించి దాని లక్షణం రాశాము.' 'కనుగొన్నాము' అని మాత్రం రాయవద్దనండి. ఆ కొమ్మను ఏనాడో ఎవరో అడవిలో కోసి, మోసుకొచ్చి, బీరువాలో పెట్టారు. ఈమె బీరువా తెరిచి గుర్తుపట్టింది. అది చిన్న పనని కాదు. 'భేదం' ఆమె గైడుగారికి రుచించకపోతే 'రకం' రాయించండి, నేను పోట్లాటకు రాను.

మీ మనవరాలికి నాదొక విన్నపం. వాళ్ల బీరువాల్లో మంగ షీట్లు తప్పకుండా ఉంటాయి. పూలతో కోసిన కొమ్మ ఏదైనా దొరికితే, చీటీ మీద తేనెటీగల ప్రస్తావన ఎవరైనా రాశారేమో చూసి, నాకొక కార్డు ముక్క వేయమనండి.